రబ్బరు మార్చకండి

పోయిన వేసవిలో మా పెద్దమ్మ కొడుకు ఒంగోలు నుంచి వచ్చాడు. నా బీరువాలో కింది అర తెరిచి చూసి, "ఏందన్నా, ఇన్ని చపాతీ పీటలు?" అన్నాడు. వాణ్ణి తప్పు పట్టలేను. చెక్క దిమ్మ, పైన నల్లటి రబ్బరు ముక్క, కొన్నింటికి ఒకవైపు ఎత్తు. మొత్తం పదకొండు. వీటిని ప్రాక్టీస్ ప్యాడ్లంటారు. డ్రమ్ము నేర్చుకునేవాళ్ళు ఇంట్లోవాళ్ళ నిద్ర చెడగొట్టకుండా చెయ్యి తిప్పుకోవడానికి వాడతారు. మా ఆవిడ ఒకసారి వీటిలో ఒకదాన్ని సాంబారు గిన్నె కింద పెట్టింది. ఆ రోజు జరిగిన గొడవ ఇక్కడ అనవసరం.

నేను కావలిలోనే పుట్టి పెరిగాను, అక్కడే ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. ఎనిమిదో తరగతిలో స్కూలు బ్యాండులో ఉండేవాణ్ణి. సైడ్ డ్రమ్ములు రెండు, పిల్లలం తొమ్మిది మందిమి. మిగతా ఏడుగురికీ లారీ టైరే దిక్కు. వేపచెట్టు కింద పడేసిన టైరు చుట్టూ గొంతుక్కూర్చుని, ఆగస్టు పదిహేను దాకా అదే పనిగా బాదేవాళ్ళం. ఆ తర్వాత చర్చిలో డ్రమ్స్ వాయించాను, ఇప్పటికీ వాయిస్తున్నాను. గొప్పగా ఏమీ కాదు. పాట జారిపోకుండా పట్టుకుంటాను, అంతవరకే.

ప్యాడ్ల పిచ్చి మాత్రం బిట్రగుంటలో పట్టింది. కావలి నుంచి నెల్లూరు వెళ్ళే రైలు దారిలో ఉంటుంది. ఇప్పుడు ఆ ప్లాట్‌ఫారం చూస్తే నమ్మరు కానీ, ఒకప్పుడు అక్కడ స్టీమ్ ఇంజన్ల లోకో షెడ్డు, పెద్ద రైల్వే కాలనీ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు. పండగలకి డాన్సులూ బ్యాండూ ఉండేవని పెద్దవాళ్ళు చెప్తారు. 2009లో ఆ ఊళ్ళో రిటైరైన రైల్వే ఆయన ఒకరు ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాన్లవాడికి వేస్తున్నాడని చర్చిలో గిటారు వాయించే కుర్రాడు ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి తూకం కూడా మొదలైంది. ఇనప కుర్చీలు, రెండు ట్రంకు పెట్టెలు, వాటి మీద ఈ చెక్క. "అది మా నాన్నది నాయనా. మూర్ మార్కెట్‌లో కొన్నాడు" అన్నాడాయన. పాత సామాన్లవాడికి నలభై రూపాయలిచ్చి తెచ్చుకున్నాను.

తెచ్చుకుని ఏం చేశాను? రబ్బరు రాయిలా బిగుసుకుపోయి ఉంది, అంచు దగ్గర నెర్రెలు. స్టిక్ వేస్తే టక్కున మోగుతోంది తప్ప లేవడం లేదు. బాగు చేయిద్దామని బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన కత్తి పెట్టి రబ్బరు లేపాడు. కింద చెక్క మీద పెన్సిలు రాత కనిపించింది. రెండు వరసలు. ఒక వరసలో అంకెలు, ఇంకో వరసలో ఏదో పేరు, మొదటి అక్షరం ఇంగ్లీషు డి లాగా ఉంది. నేను కళ్ళజోడు తీసి పెట్టుకునే లోపల ఆయన గరుకు పేపరుతో నాలుగు రుద్దులు రుద్దేశాడు. "సొల్యూషన్ పట్టాలంటే రుద్దాల్సిందే సార్" అన్నాడు. ఆయన పని ఆయన సరిగ్గానే చేశాడు. హవాయి చెప్పుల షీటు గుండ్రంగా కోసి అంటించి అరవై రూపాయలు తీసుకున్నాడు. ప్యాడ్ ఇప్పుడు చక్కగా పనిచేస్తుంది. అది తయారు చేసిన మనిషి గురించిగానీ, దాని మీద రోజూ చెయ్యి తిప్పిన మనిషి గురించిగానీ నాకు తెలిసే దారి మాత్రం ఆ పొడితో పాటు రోడ్డు మీద పడిపోయింది.

అందుకే చెప్తున్నాను. పాత ప్యాడ్ చేతికొస్తే దాని రబ్బరు మార్చకండి. ఎంత గట్టిపడినా, పగిలినా, వాయించడానికి పనికి రాకపోయినా సరే. వాయించుకోవడానికి కొత్తది కొనుక్కోండి. నాతో సహా అందరూ కొత్తదాని మీదే కదా వాయించేది.

ఎందుకో చెప్పాలంటే నా దగ్గరున్న ఇంకో ప్యాడ్ చూపించాలి. ఇది ఏటవాలు చెక్క, పైన నలుచదరపు రబ్బరు, ముందు అంచున డబ్ల్యూ.ఎఫ్.ఎల్. అనే మూడు అక్షరాలు. దీన్ని కిటికీ దగ్గర పట్టుకుని, వెలుతురు పక్క నుంచి పడేలా కొద్దిగా వంచితే, నల్లటి రబ్బరు మీద రెండు మెరుపు మచ్చలు కనిపిస్తాయి. కుడి పక్క మచ్చ రూపాయి బిళ్ళంత, గుండ్రంగా ఉంటుంది. ఎడమది చింతగింజలా కోలగా, కొంచెం కిందికి జరిగి ఉంటుంది. వేలితో తడిమితే కుడిది లోతు, ఎడమది పల్చన. కొట్టీ కొట్టీ రబ్బరు నునుపెక్కిన చోట్లవి.

ఆ రెండు మచ్చల్లో ఒక మనిషి ఉన్నాడు. వెనకటికి మిలటరీ డ్రమ్మర్లు డ్రమ్ముని భుజం మీది పట్టీకి తగిలించుకుని నడిచేవాళ్ళు. అది తొడ పక్కకి వాలి ఉండేది. అలా వాలిన డ్రమ్ముని రెండు చేతులా ఒకే రకంగా కొట్టడం కుదరదు. అందుకని ఎడమచేతి స్టిక్‌ని అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి సందులో ఇరికించి, ఉంగరం వేలి మీద ఆనించి పట్టుకునేవాళ్ళు. కూర్చుని వాయించే కాలం వచ్చాక కూడా చాలామందికి ఆ పట్టు పోలేదు. నా ప్యాడ్ మీద కోలగా ఉన్న మచ్చ అలా పట్టుకున్న స్టిక్ వాలుగా తగిలిన గుర్తని నా నమ్మకం. దీని యజమాని పాతకాలపు పట్టు మనిషి. ఎడమ చెయ్యి కాస్త బలహీనం. ఈ సంగతి ఏ క్యాటలాగూ చెప్పదు. రబ్బరు పీకేస్తే ఇక ఎవరూ చెప్పలేరు.

లేబుల్ ఊసు ఎత్తకపోతే ఎలా అంటారేమో. ఎత్తుతాను. లేబుల్ నాకూ ఇష్టమే, ఎందుకంటే అది సరదాగా ఉంటుంది, కొంచెం పోలీసు పని లాంటిది. డబ్ల్యూ.ఎఫ్.ఎల్. అంటే విలియం ఎఫ్. లుడ్విగ్. తమ్ముడు థియోబాల్డ్‌తో కలిసి 1909లో చికాగోలో లుడ్విగ్ కంపెనీ పెట్టాడు. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత కంపెనీని కాన్ అనే పెద్ద వాద్యాల కంపెనీకి అమ్మేశాడు. కంపెనీతో పాటు పేరూ పోయింది. 1937లో మళ్ళీ సొంతంగా మొదలుపెడితే, తన ఇంటి పేరు తనే పెట్టుకోకూడదు! అందుకని పొడి అక్షరాలతో సరిపెట్టుకున్నాడు. 1955లో డబ్బు కట్టి ఆ పేరు వెనక్కి కొనుక్కున్నాడు. కాబట్టి ఈ మూడక్షరాలు కనిపిస్తే వస్తువు సుమారుగా ఆ మధ్య కాలానిదని చెప్పొచ్చు. పొలం అమ్మి, అదే పొలం కౌలుకి చేసి, చివరికి మళ్ళీ కొనుక్కున్న రైతులు మా వైపు ఉన్నారు. ఈ కథ చెప్తే వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

అడ్రసులు కూడా మాట్లాడతాయి. అమెరికాలో అయిదంకెల జిప్ కోడ్ 1963లో వచ్చింది. దానికి ముందు పెద్ద ఊళ్ళకి చిన్న నంబర్లుండేవి. లుడ్విగ్ వాళ్ళ అడ్రసు 1728 నార్త్ డామెన్ ఎవెన్యూ, చికాగో 47. నాలుగేళ్ళ కింద ఆన్‌లైన్‌లో ఒకాయన "రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది, గ్యారంటీ" అని ఒక ప్యాడ్ ఆరువేల అయిదొందలకి అమ్మాడు నాకు. డబ్బు పంపాక, పార్సెల్ విప్పాక, అడుగున కాగితం మీద చికాగో పక్కన అయిదంకెలు. ఫోన్ చేస్తే "ఓల్డ్ అంటే ఓల్డే కదా సార్" అన్నాడు. వస్తువు నకిలీ కాదు, వయసే అబద్ధం. పెళ్ళి సంబంధాల్లో జరిగే మోసమే.

మన వైపు దొరికేవాటికి మన గుర్తులున్నాయి. వీటి గురించి అమెరికా పుస్తకాల్లో ఉండదు కాబట్టి కాస్త ఓపిగ్గా చెప్తాను. దుకాణం స్టాంపులో "మద్రాస్-2" అని ఉంటే అది పాత పద్ధతి. ఆరంకెల పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. ఇంగ్లీషులో "చెన్నై" అని ఉంటే చాలావరకు 1996కి ఇవతలిది. ధర అణాల్లో రాసి ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది. "నయా పైసలు" అని ఉంటే అప్పటి నుంచి 1964 లోపలిది. ఒకసారి అద్దంకి వైపు నుంచి ఒక స్టిక్స్ సంచీ వచ్చింది. దాని మీద మరకల మధ్య "ఒంగోలు, గుంటూరు జిల్లా" అని రబ్బరు స్టాంపు. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరిలో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. కాబట్టి ఆ సంచీ చాలావరకు 1970కి ముందుదే. కొత్త స్టాంపుకి డబ్బు దండగ అని పాతదే గుద్దిన షావుకారైతే తప్ప! ఈ అనుమానం ఎప్పుడూ పక్కన పెట్టుకోవాలి.

బిట్రగుంట ఆయన అన్న మూర్ మార్కెట్ మాట కూడా అలాంటి గుర్తే. నెల్లూరు వైపు వాళ్ళు రైలెక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగితే పక్కనే మూర్ మార్కెట్. పాత పుస్తకాలు, పాత రేడియోలు, పాత ఏవైనా. 1985 మే 30న అది కాలిపోయింది. ఆ ప్యాడ్ గురించి కచ్చితంగా నాకు తెలిసింది ఆ ఒక్క తేదీ, అదీ ఇవతలి గట్టు మాత్రమే. అవతలి గట్టు గరుకు పేపరు తినేసింది.

స్క్రూలు కూడా చూడండి. ప్లస్ గాటు ఉన్న ఫిలిప్స్ స్క్రూ బజారులోకి వచ్చింది 1930ల మధ్యలో. 1920ల ప్యాడ్ అని చెప్పి దానికి ప్లస్ స్క్రూ ఉంటే, ఎవరో మధ్యలో చెయ్యి పెట్టారు లేదా చెప్పేవాడు కోతలు కోస్తున్నాడు. ప్యాడ్‌తో పాటు పాఠాల అట్ట దొరికితే ఇంకా మంచిది. అమెరికాలో 1933లో డ్రమ్మర్ల సంఘం ఒకటి ఏర్పడి, నేర్చుకునేవాళ్ళకి తప్పనిసరి అని 13 రూడిమెంట్స్, అంటే చేతి సాధన పాఠాలు, ఎంచింది. మన సరళీ స్వరాలలాగా అన్నమాట. తర్వాత మరో 13 కలిపి 26 చేశారు. 1984లో ఇంకో సంఘం వాటిని 40 చేసింది. అట్ట మీద 40 ఉంటే అది 1984కి ఇవతలిదే. 26 ఉంటే పాతదై ఉండొచ్చు. ఉండొచ్చు అనే అంటున్నాను, పాత అట్టల్ని తర్వాతా అచ్చేస్తూనే ఉంటారు.

ఇదంతా సరదా. కానీ ఇక్కడే ఒక జబ్బు కూడా మొదలవుతుంది. మూడక్షరాలు దొరికితే చాలు, వేలు పోస్తారు. లేబుల్ మెరుస్తుంటే, రబ్బరు మార్చినా, చెక్క మీద పాలిష్ పట్టినా, "కొత్తదానిలా ఉంది" అని ఇంకో వెయ్యి ఎక్కువ ఇస్తారు. నా దృష్టిలో అది సగం పోయిన వస్తువు. లేబుల్ వేలకొద్దీ ప్యాడ్ల మీద ఒకేలా పడింది. ఆ మచ్చలు పడింది ఒక్కదాని మీదే.

చెన్నైలో డ్రమ్స్ నేర్పే నా స్నేహితుడు దీనికి ఒప్పుకోడు. "అది వీణా ఏమన్నానా? కొట్టుకోవడానికి చేసిన చెక్క. కొట్టడానికి పనికి రాకపోతే దాన్ని అవమానించినట్టు" అంటాడు. వాడి మాటలో బలం ఉంది. పాత ప్యాడ్ల కింద స్పాంజి ఉంటే అది పొడిపొడిగా రాలి బీరువా అంతా పడుతుంది, దాన్ని కూడా దాచుకుంటావా అని అడిగాడు. దాచుకున్నాను, సీసాలో. నవ్వాడు. వాడు మరిచిపోయేది ఒకటుంది. డ్రమ్ము తోలు చిరిగితే మార్చడం పద్ధతి. దూడ తోలు వాన పడితే వదులయ్యేది, ఎండకి బిగిసేది. 1957లో రెమో బెల్లీ అనే అమెరికా డ్రమ్మరు తోలుకి బదులు ప్లాస్టిక్ ఫిల్ముతో హెడ్లు చేసి అమ్మడం మొదలుపెట్టాక వాటినీ అరిగితే మారుస్తున్నారు. డ్రమ్ము వయసు, పుట్టుక చెప్పడానికి చట్రం ఉంది, బ్యాడ్జి ఉంది, బోల్టులున్నాయి. ప్యాడ్‌కి ఏముంది? చెక్క, రబ్బరు. రబ్బరు పోతే మిగిలేది నిజంగానే చపాతీ పీట.

రబ్బరు ఎలాగూ చచ్చిపోతుంది కదా అంటే, అవును, మా వైపు ఇంకా తొందరగా చచ్చిపోతుంది. గంధకం కలిపి వేడిచేసిన రబ్బరు కాలం గడిచేకొద్దీ గాలీ వేడీ తగిలి ఇంకా ఇంకా బిగుసుకుంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, రబ్బరు ఎంత! చేయగలిగింది కొంచెమే. అటక మీద పెట్టకండి, కాంక్రీటు కప్పు కింద మే నెలలో అది పొయ్యి. ఫ్రిజ్ పక్కన, మోటారు పక్కన వద్దు. కొన్ని మోటార్ల నిప్పురవ్వలతో పుట్టే ఓజోన్ రబ్బరుని నెర్రెలిచ్చేలా చేస్తుంది. నూలు గుడ్డలో చుట్టి నేలకి దగ్గరగా చీకట్లో పెట్టండి. కొబ్బరి నూనె రాస్తే మెత్తబడుతుందని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. రాయకండి. కిరసనాయిలు అసలే వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది, మచ్చలు మాయమవుతాయి.

నాకు ఈ మచ్చల చదువు చెప్పింది ప్యాడ్ కూడా కాదు. ఒంగోలు దగ్గర కరవది పేరు సంగీతం తెలిసినవాళ్ళకి కొత్త కాదు. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా 1924లో పుట్టింది అక్కడే. తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1977లో పద్మశ్రీ వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో సన్నాయి మేళాలు ఇంకా ఉన్నాయి. అలాంటి ఒక ఊళ్ళో డోలు వాయించే పెద్దాయన ఇంటికి ఒక పెళ్ళి మాట్లాడటానికి మా బావతో వెళ్ళాను. అరుగు మీద ఒక చింత మొద్దు. మూరెడు పొడుగు. కూర్చోబోతే "దాని మీద వద్దబ్బాయ్" అన్నాడు.

ఒడిలో పెట్టుకుని చూపించాడు. ఎడమ కొస మీద గుంట. అందులో చిన్న చిన్న గాట్లు, ఒకదాని మీద ఒకటి, తేనెపట్టులా. అది పుల్ల పడే చోటు. డోలు పుల్లని గంగరావి కొమ్మతో చేస్తారు, పొట్టిగా లావుగా ఉంటుంది. కుడి కొస మీద గాట్లు లేవు, తిరగలి రాయిలా నునుపు. అది వేళ్ళకి గట్టి తొడుగులు పెట్టుకుని వాయించే వైపు. గుంట లోతెంతో అడిగి, జేబులోంచి స్కేలు తీసి కొలిచాను. ఎనిమిది మిల్లీమీటర్లు. "మా నాయన కాలం నుంచి ఉంది. ఆయనవి కొన్ని, నావి కొన్ని" అన్నాడు. చింత చెక్క అంటే మాంసం కొట్టుల్లో కత్తివేటు కాచే చెక్క. దాన్ని పొట్టి పుల్లతో ఎనిమిది మిల్లీమీటర్లు తవ్వారు తండ్రీ కొడుకులు.

దానికి లేబుల్ లేదు. అడ్రసు లేదు. స్క్రూ లేదు. ప్యాడ్లు సేకరించే ఏ మనిషికీ అది లెక్కలోకి రాదు. నా పదకొండింటినీ ఒకవైపు పెట్టి దాన్ని ఇంకోవైపు పెడితే, నేను దాన్నే తీసుకుంటాను. ఆ మాట ఆయనతో అనలేదు, అంటే ధర అడుగుతున్నానని అనుకుంటాడు. ఎవరైనా అడిగి ఉంటే ఏమనేవాడో తెలుసు. దాని మీద కూర్చోనివ్వని మనిషి!

తర్వాత రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి డబ్ల్యూ.ఎఫ్.ఎల్. ప్యాడ్ పట్టుకెళ్ళి మచ్చలు చూపించాను. కిటికీ వైపు తిప్పి చాలాసేపు చూశాడు. "ఎడం చెయ్యి లేదు వీడికి" అన్నాడు. నాకు అయిదేళ్ళు పట్టింది ఆ మాట అనడానికి. తర్వాత తన పుల్లతో రెండు జతులు వేసి చూసి మొహం చిట్లించాడు. "ఇదే లేపుతోంది పుల్లని. చెయ్యి ఏం చేస్తది ఇంక?" అన్నాడు. పక్కనే నిలబడి ఉన్న మనవడికి మాత్రం అది తెగ నచ్చింది. పదేళ్ళుంటాయి. చింత మొద్దు మీద వేళ్ళు నొప్పెడతాయని వాడి గొడవ.

"రెండ్రోజులు ఉంచి పో అబ్బాయ్, పిల్లోడు ముచ్చట పడుతున్నాడు" అన్నాడు పెద్దాయన. కాదనలేకపోయాను. మూడు నెలలైంది. మొన్న ఫోన్ చేస్తే వెనకాల టకటక వినిపిస్తూనే ఉంది. ఎవరి ఎడమచెయ్యి మచ్చ మీద ఎవరి చెయ్యి పడుతోందో. ఇన్ని మాటలు రాసినవాణ్ణి, వద్దని ఏ మొహంతో చెప్పను? రబ్బరు గట్టిగా ఉందని పిల్లోడు అంటున్నాడు, బజార్లో మార్పిద్దామా అని అడిగాడాయన. దసరాకి నేనే కొత్తది పట్టుకొస్తాను, అది మాత్రం అలాగే ఉంచండని రెండుసార్లు చెప్పి పెట్టేశాను.